గడ్డివామికి ఇవతల

నేను ఒక రాకెట్టును. మా నెల్లూరు జిల్లాలో ఆ మాట చెవిన పడితే మనుషులు శ్రీహరికోట వైపు తలెత్తి చూస్తారు గనక ముందే చెప్పేస్తున్నాను: నేను ఎగిరే రకం కాదు, కొట్టే రకం. అలాగని టెన్నిసు రాకెట్టునూ కాదు, షటిల్ బ్యాటునూ కాదు. మూరెడు ఒళ్లు, అందులో జానెడు పిడి, ఒకచోట విరిగిన అల్యూమినియం చట్రం, మధ్యలో నైలాను తీగల వల. ఇదీ నా రూపం. మొన్న ఈ పాత సామాన్ల కొట్టుకు వచ్చిన ఒకాయన నన్ను చేతిలోకి తీసుకున్నాడు. మీట కోసం పిడంతా తడిమి, "దోమల బ్యాటు. ఛార్జింగు పోయినట్టుండాదే" అని మళ్లీ సత్తు గిన్నెల మీద పడేసి పోయాడు. నాకు నవ్వొచ్చింది. నా జీవితంలో దోమను కొట్టిన పాపాన పోలేదు. కొట్టిందల్లా నీలం రంగు రబ్బరు బంతిని, అదీ గోడకేసి.

నాతో ఆడే ఆట పేరు రాకెట్‌బాల్. ఈ చుట్టుపక్కల ఆ పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ కాబట్టి మా వంశం కథ కొంచెం చెప్పుకోవాలి.

అమెరికాలో కనెక్టికట్ అని ఒక సీమ ఉంది. చలికాలం వస్తే అక్కడ బయట ఆడే వీలుండదు, మంచు. అందుకని జనం నాలుగు గోడల గదిలో దూరి బంతిని గోడకేసి అరచేత్తో కొట్టుకునేవారు. అరచెయ్యి వాచిపోతుందని కొందరు చెక్క తెడ్డు పట్టారు. దాదాపు పందొమ్మిది వందల యాభై ప్రాంతంలో, టెన్నిసూ స్క్వాషూ ఆడే ఒక మనిషికి ఆ తెడ్డు నచ్చలేదు. కొడితే టక్కుమని చప్పుడేగానీ బంతికి ఊపు రావడం లేదు. ఆయన టెన్నిసు రాకెట్టు మెడ కురచ చేసి, తెడ్డంత పొట్టిగా ఉండి తీగలున్న రాకెట్టు ఒకటి చేయించాడు. దానికి తగ్గట్టు బోలుగా ఉండే రబ్బరు బంతిని వెతికాడు. అంతే, మా కులం పుట్టింది. పేరు మాత్రం ఇరవై ఏళ్లదాకా సరిగ్గా కుదరలేదు. మనుషులింతే, బిడ్డ నడిచి పరుగెత్తాక బారసాల చేస్తారు.

పేరు కుదిరాక ఆట ఆ దేశమంతా పాకింది. ఆ సంబరంలోనే ఒక కర్మాగారంలో నన్నూ వంచారు. గొట్టాన్ని కాల్చి, గుండ్రంగా తిప్పి, తీగలు బిగించి, పిడికి తోలు చుట్టి, చివర ఒక తాడు కట్టారు. ఆ తాడును మణికట్టుకు చుట్టుకోకుండా మా ఆట ఆడనివ్వరు. కారణం ఉంది. మూసిన గదిలో ఇద్దరు మనుషులు, ఇద్దరి చేతుల్లో ఆయుధాలు, అరచేతుల్లో చెమట. పిడి జారిందంటే ఎదుటివాడి పళ్లు రాలతాయి. తాడుంటే ఎంత జారినా చేతికే వేలాడతాను.

నన్ను కొన్నాయన హాల్వర్సన్ అనే కొలిమి ఇంజనీరు. గాజును కరిగించే పెద్ద కొలుములు కట్టడం ఆయన పని. డెబ్బైల చివర్లో ఆయన పెట్టెలో బట్టల మధ్య పడుకుని నేను ఈ దేశం వచ్చాను. గూడూరుకు తూర్పున, సముద్రం వైపు, పంచదార పోసినట్టు తెల్ల ఇసక మేటలుంటాయి. ఆ ఇసక కోసమే పెంచలరెడ్డి అనే ఆసామి అక్కడ సీసాల ఫ్యాక్టరీ పెట్టాడు. మూడు పంటల భూమి, పందేలకు తిరిగే ఒంగోలు ఎద్దులు, వాటి పక్కన ఈ ఫ్యాక్టరీ. కొలిమి కట్టడానికి దొరను పిలిపించాడు. హాల్వర్సన్ అనడం నోరు తిరగక జనం ఆయన్ను ఆళ్వారు దొర అన్నారు. ఆయన మద్యం అడగలేదు, మాంసం అడగలేదు. ఒక గది అడిగాడు.

ఆ గది కొలతలు విని రవణయ్య మేస్త్రి నోరు తెరిచాడు. పొడవు నలభై అడుగులు, వెడల్పు ఇరవై, ఎత్తు కూడా ఇరవై. కిటికీలుండవు, వెలుగుకు కప్పులోనే దీపాలు. గోడలు అరచేతితో రాస్తే జారిపోయేంత నున్నగా ఉండాలి. వెనకగోడ మాత్రం మందపాటి అద్దం, బయటివాళ్లు చూడ్డానికి. అద్దం ఫ్యాక్టరీలోనే పోశారు. చూడవచ్చిన వాళ్లందరికీ రెడ్డి దాన్ని కొట్టి చూపించేవాడు.

"వడ్లు పొయ్యడానికా సామీ ఇది, మనుషులుండడానికా?" అని మేస్త్రి అడిగాడు.

"ఆడుకోవడానికంట" అన్నాడు రెడ్డి.

"గదిలో తలుపేసుకోనా? ఇద్దరు మొగోళ్లా?" మేస్త్రి కాగితం తిప్పి చూశాడు. "సరేలే, దొరల ఆటలు దొరలవి. కానీ వాకిలి దక్షిణాన పెట్టుండాడు కాగితంలో. ఆ అద్దంలో. యముడి దిక్కున ఒకే వాకిలుంటే కొంపకు కీడు. ఈశాన్యం మూల నేనింకోటి పెడతా."

దొర తల అడ్డంగా ఊపాడు. ముందుగోడకు దగ్గరగా తలుపుంటే బంతి దానికి తగిలి అడ్డదిడ్డంగా పోతుందన్నాడు. మేస్త్రి ఆ ఊపిన తలను చూసి, తన పని తాను చేసుకుపోయాడు. తూర్పుగోడలో ముందు మూలకు ఒక తలుపు బిగించాడు. కాకపోతే ఆ పలకను గోడతో సమంగా, లోపలివైపు పిడి కూడా లేకుండా అమర్చాడు. దొర వేలితో రాసి చూసి ఒప్పుకున్నాడు. అలా ప్రపంచంలో వాస్తు ఉన్న రాకెట్‌బాల్ గది బహుశా నాదొక్కటే.

గది కట్టారు గానీ ఆడేందుకు రెండో మనిషి కావాలి. ముందు దొరికినవాడు కోదండం, ప్యాకింగు మేస్త్రి. రైతు ఇంటి మనిషి, నలభై దగ్గర పడ్డాడు, నడుం ఇంకా సాగుతుంది. సీసాలను గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దించడం అతని ఉద్యోగం. అప్పట్లో అట్టపెట్టెలూ అరలూ ఎక్కడివి, సీసాకు పరుపు వరిగడ్డే.

దొర అతనికి ఆట ఎలా నేర్పాడో చెబితే మీకూ వచ్చేస్తుంది. గది మధ్యలో అడ్డంగా ఒక గీత. దానికి అయిదడుగుల ముందు ఇంకో గీత. సర్వీసు చేసేవాడు ఆ రెండిటి మధ్య నిలబడి, బంతిని ఒకసారి నేల మీద ఎగరేసి ముందుగోడకు కొడతాడు. అది తిరిగొచ్చి మధ్యగీత దాటి పడాలి. వెనక కాచుకున్నవాడు అది రెండోసారి నేల తగిలేలోగా కొట్టి మళ్లీ ముందుగోడకు చేర్చాలి. తిన్నగా చేర్చినా సరే, పక్కగోడకు తగిలించి చేర్చినా సరే, పైకప్పుకు కొట్టి దించినా సరే. ముందుగోడ చేరేలోపు నేల మాత్రం తగలకూడదు. రెండు గంతులు పడనిచ్చినవాడు ఓడినట్టు. సర్వీసు చేసినవాడు గెలిస్తేనే పాయింటు. ఎదుటివాడు గెలిస్తే పాయింటు రాదు, సర్వీసు చేతికొస్తుంది. ఇరవయ్యొకటి ముందెవరికొస్తే వాళ్లది ఆట.

"అంటే ఎదురుబొదురు కాదా?" అన్నాడు కోదండం. "ఇద్దరం ఒకే పక్కన నిలబడి గోడతో కొట్లాడాలా?"

అదే మా ఆటలోని తమాషా. మధ్యలో వల లేదు, నీ వైపు నా వైపు అని లేదు. ఇద్దరు పోటీదారులు ఒకే నేల మీద, ఒకరి చెమట ఒకరికి తగిలేంత దగ్గరగా తిరుగుతారు. కొడితే ఎదుటివాడికి తగులుతుందనిపిస్తే చెయ్యి ఆపేయాలి. ఆపి మళ్లీ ఆడాలి. బంతి ఒక గంతు వేసిందా రెండా అన్నది చాలాసార్లు కొట్టినవాడికే తెలుస్తుంది. వాడే చెప్పాలి. మనుషులు మనుషుల్ని ఇంతగా నమ్మే పద్ధతి ఒకటి మనుషులే పెట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ తర్వాత దొరికింది చెంగమ్మ. దీపం ముందు సీసాలు నిలబెట్టి పగులూ బుడగా ఉన్నవాటిని ఏరేసే పని ఆమెది. పెళ్లయిన మనిషి, మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. ఒకరోజు కదిలే పట్టీ మీంచి జారిన సీసాను ఆమె చూపు తిప్పకుండా గాలిలోనే అందుకుంది. అటుగా పోతున్న ఆళ్వారు దొర ఆగి, వెనక్కి వచ్చి, ఇంకో సీసా జారవిడిచాడు. అదీ అందుకుని, "ఏంది దొరా, చేతులు వణుకుతుండాయా?" అంది. మర్నాడే ఆమెను గదికి పిలిచాడు. చీర గోచీ బిగించింది. మా బంతి సరిగ్గా కంటిగుంటలో ఇమిడే సైజు గనక కళ్లద్దాలు తప్పనిసరి. కొలిమి దగ్గర పెట్టుకునే అద్దాలు తెచ్చి తగిలించుకుంది. నన్ను చేతికిచ్చారు. తాడు మణికట్టుకు రెండు చుట్లు వేసుకుంది.

ఆ చేతిలోకి వచ్చిన క్షణం నాకు గుర్తుంది. దొర బలంగా కొట్టేవాడు, కోదండం తెలివిగా కొట్టేవాడు. చెంగమ్మ ఆకలిగా కొట్టింది.

కొలిమి పని అయిపోయి దొర వెళ్లిపోతూ నన్ను ఆమెకే ఇచ్చాడు. ఇంకో రాకెట్టు కోదండానికి, ఒక పెట్టెడు బంతులు ఇద్దరికీ. అప్పటినుంచి షిఫ్టు దిగాక, పొద్దుండగానే, వాళ్లిద్దరూ ఆడేవారు. వెనక అద్దానికి ముక్కులానించి మగవాళ్ల గుంపు.

"ఏం మే చెంగమ్మా, గోడ ఏం చేసింది నిన్ను?"

"మొగుడు ఊళ్లో లేడని గోడను బాదుతుండాది రోయ్!"

ఆమె అటు చూసేది కాదు. కానీ సీసాలు ఏరే మిగతా ఆడవాళ్లు తలుపు దాకా వచ్చి ఆగిపోయేవారు. "మాకూ ఆశే అక్కా. ఆ అద్దం వెనక మొగోళ్లుంటే ఎట్నా?" అని వెనక్కి పోయేవారు.

ఇలా ఉండగా ఒక కార్తీకంలో తుపాను వాన పడింది. ప్యాకింగు షెడ్డు కారి గడ్డి అంతా తడిసింది. తడి గడ్డిలో చుట్టిన సీసాలు బూజు కంపుతో మద్రాసు చేరాయి, అట్నుంచటే తిరిగొచ్చాయి. పెంచలరెడ్డి కోదండాన్ని పిలిచి, మళ్లీ గడ్డి తడిస్తే ఇంటికి పోవచ్చన్నాడు. కోదండం ఫ్యాక్టరీ అంతా తిరిగి చూశాడు. చుక్క నీరు కారని కప్పు ఒక్కటే ఉంది. మా గదిది.

గడ్డి దాచడానికి ఆ గది ఇమ్మని అతను రెడ్డిని అడిగిన సంగతి చెంగమ్మకు తనే వచ్చి చెప్పాడు. ఆట మధ్యలో, బంతి చేత్తో పట్టుకుని.

"ఈ గదే దొరికిందా అన్నా నీకు?"

"కారనిది ఇదొక్కటే గదా మే. నాకూ ముగ్గురు బిడ్డలుండారు. ఇంటికి పొమ్మంటే యాడికి పొయ్యేది?"

చెంగమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఆమె ఒళ్లో ఉన్నాను.

"ఓణీ ఏసిన దినాన్నించి నేను పరిగెత్తలా అన్నా. నడవడమే. బస్సు కదిలిపోతున్నా నడవడమే. వానొస్తున్నా నడవడమే. ఈ గదిలోకొచ్చినాకే నాకు కాళ్లుండాయని తెలిసింది. దీంట్లో నువ్వు గడ్డి పోస్తానంటుండావు."

ఇద్దరిదీ న్యాయమే కావడం కంటే చిక్కు ఇంకొకటి లేదు.

ఆమె ఊరుకునే మనిషి కాదు. రెడ్డి కారు గేటు దాటబోతుంటే అడ్డం నిలబడింది. గది ఉంచమనీ, సాయంత్రాలు అది ఆడకూలీలకు ఇవ్వమనీ అడిగింది. రెడ్డి బండలాగుడు పందేల మనిషి. వాదనలు వినడం ఆయనకు విసుగు, పందెం అంటే ప్రాణం.

"ఇద్దరూ ఆడేవాళ్లేగా. నా ముందర ఆడి తేల్చుకోండి. నువ్వు గెలిస్తే గది మీ ఆడోళ్లకు. కోదండం గెలిస్తే గడ్డికి. ఆదివారం వస్తా" అన్నాడు.

యజమాని వస్తున్నాడంటే ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. ఫ్యాక్టరీ అనే ఏముంది, ఈ దేశంలో ఎక్కడైనా ఉంది. పెద్దమనిషి వస్తున్నాడని తెలిస్తే కదలని ప్రతిదానికీ సున్నం కొడతారు. చెట్ల మొదళ్లకు కొడతారు, దారి పక్క రాళ్లకు కొడతారు, కొళాయి దిమ్మెకు కొడతారు. కునుకు తీస్తే కాపలావాడికీ కొడతారు. శనివారం పొద్దున రవణయ్య మేస్త్రి మా గదిలోకి తొంగి చూశాడు. బంతి మరకలతో నీలపు చుక్కలు పడ్డ గోడల్ని చూసి అతని ప్రాణం ఉసూరుమంది. నిచ్చెన వేయించి, నున్నటి పెయింటు మీద ఒక పూత సున్నం కొట్టించాడు. తొందరలో అందులో బంక కలపడం మరిచాడు. బంక లేని సున్నం సంగతి మీకు తెలుసు, ఆనుకుంటే వీపు తెల్లబడుతుంది.

ఆదివారం సర్వీసు చేయగానే సంగతి బయటపడింది. గోడ నుంచి తిరిగొచ్చిన బంతి ముగ్గులో దొర్లినట్టు తెల్లగా ఉంది. ఎర్ర గచ్చు మీద పడిన చోటల్లా రూపాయి బిళ్లంత తెల్లచుక్క. చెంగమ్మ తుమ్మింది. కోదండం మీసం నెరిసింది. అద్దం వెనక కుర్చీలో రెడ్డి, ఆయన వెనక ఫ్యాక్టరీ అంతా. ఆడవాళ్లు ఓ పక్కకు ఒదిగి నిలబడ్డారు.

"ఇదేం ఆటయ్యా, బోనులో పులులు తిరిగినట్టు" అని రెడ్డి మొదట నవ్వాడు. కాసేపటికి కుర్చీ అంచుకు జరిగాడు.

నేను చాలా ఆటలు ఆడాను. అంత ఆట ఆడలేదు. కోదండం పైకప్పుకు కొట్టి బంతిని వెనక మూలకు దించేవాడు, ఆమె గోడ వెంబడి పాకి తీసేది. ఆమె నడుం కిందినుంచి ఈడ్చి కొట్టేది, అతను ముందుకు దూకేవాడు. ఒకసారి అతని వీపు సరిగ్గా నా దారిలోకొచ్చింది. కొడితే గెలుపు, కానీ అతనికి వాత. ఆమె చెయ్యి ఆపి, "అడ్డం!" అంది. దొర ఆ మాటకు ఇంగ్లీషులో ఏదో అనేవాడు, ఈ గదిలో అది అడ్డమే. మళ్లీ ఆడారు. గుంపులో గోల తగ్గిపోయింది. "ఏం మే" అన్న గొంతు ఒక్కటీ వినపడలేదు.

ఇరవై ఇరవై. సర్వీసు చెంగమ్మది. ఈ పాయింటు వస్తే గది ఆమెది.

కొట్టింది. బంతి పోతుంది, వస్తుంది. ఆమె వెనక మూలలో ఉండగా చూసి కోదండం మెత్తగా, పసిబిడ్డ బుగ్గ తట్టినట్టు, ముందుగోడ ఎడమ మూలకు తగిలించాడు. గోడ మొదట్లోనే పడిపోయే బంతి అది. అంత ముందుకు అప్పటిదాకా ఒక్కటీ పడలేదు, అక్కడి గచ్చు ఇంకా ఎర్రగానే ఉంది. చెంగమ్మ గది పొడవునా పరుగెత్తింది. ఆ పరుగు కోసమే ఆమె పుట్టిందా అనిపించింది. వంగి, నన్ను నేలకు ఈడ్చి, బంతిని లేపింది. అది ముందుగోడ మొదలు తాకి, పాకుతున్నట్టు వెనక్కి దొర్లింది. కోదండానికి అందలేదు.

అద్దం వెనక కేకలు. రెడ్డి లేచి నిలబడ్డాడు. ఆడవాళ్లు ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకున్నారు.

నేను నేలకు ఆనుకునే ఉన్నాను గనక నాకు కనిపించింది. ఎర్రటి గచ్చు మీద, ఆ మూలలో, పక్కపక్కనే రెండు తెల్లచుక్కలు. ఒకటి పెద్దది, దాని పక్కన చిన్నది. బంతి రెండో గంతు వేశాకే నేను దాన్ని తాకాను.

చెంగమ్మ రొప్పుతూ వాటినే చూస్తోంది. కోదండం నడిచొచ్చాడు. అతనూ చూశాడు. అద్దం అవతలివాళ్లకు నలభై అడుగుల దూరం నుంచి అవి కనపడవు. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, మామూలుగా నిలబడ్డట్టే నిలబడి, చిన్న చుక్క మీద కాలు పెట్టాడు. పెట్టి మెల్లగా రుద్దాడు.

"పాదం తియ్యన్నా" అంది చెంగమ్మ.

"గమ్మునుండు మే. గెలిచినావు, పో."

"తియ్యి."

"నీకు గది కావాల్నా, వద్దా?"

"కావాల. రెండు గంతుల మీద వద్దు." ఆమె అద్దం వైపు తిరిగి గట్టిగా అరిచింది. "అయ్యా, ఇది నాది కాదు! రెండు తూర్లు పడింది!"

రెడ్డికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కవాడితో అన్నాడు: "తనకు తానే చెప్పిందా? లాగిన బండను ఎద్దే వెనక్కి నెట్టినట్టుండాదే!"

సర్వీసు కోదండానికి పోయింది. ఇప్పుడతను ఏం చేస్తాడా అని నేను చూశాను. ఇలాంటి చోట మనుషులు జాలి చూపించి అవతలివాణ్ణి చిన్నచేస్తారు. బంతిని పైకి కొట్టేసి ఓడిపోవచ్చు. అతను అలా చేయలేదు. ఉన్న బలమంతా పెట్టి, గోడ పక్కనుంచి దూసుకుపోయేలా సర్వీసు కొట్టాడు. చెంగమ్మ చెయ్యి చాచింది. బంతి నా అంచుకు తగిలి పక్కకు పోయింది.

"గడ్డి పెట్టుకో కోదండం" అని రెడ్డి కారెక్కాడు.

మర్నాడు గడ్డి బండ్లు వచ్చాయి. ఆమె నన్ను తీసుకుపోవడానికి ఈశాన్యం తలుపు తోసుకుని వచ్చింది. లోపల కోదండం పంచె ఎగ్గట్టి, అద్దం పక్కన గడ్డి మోపులు పరిచి, వామి వేస్తున్నాడు. పొలంలో పుట్టినవాడు గడ్డి వేయడం వేరు, గుమస్తా వేయించడం వేరు. మూలలు తొక్కి, కట్ట మీద కట్ట అడ్డంగా మార్చి, గోడ కట్టినట్టు నిలువుగా లేపుతున్నాడు. అప్పటికే నిచ్చెనెక్కాడు.

"ఆడ్నే ఆగు మే" అని పైనుంచి అరిచాడు. "ఆ మధ్యగీత చూడు. గీత దాటి ఒక్క పరకొచ్చినా చెప్పు."

చెంగమ్మ గీత చూసింది, వామి చూసింది, కప్పు చూసింది.

"గది ఇరవై అడుగుల ఎత్తుండాది" అన్నాడు అతను. "ఎత్తుకేస్తే ఈ సగంలోనే ఏడాది గడ్డి పడుతుంది. అయ్య గడ్డి పెట్టమన్నాడు, పెడతుండా. వెడల్పుగా పరవమని చెప్పలా గదా."

"అయ్య అడిగితే?"

"వామి ఎత్తుగా ఏసినందుకు రైతును తిట్టినోడు ఉండాడా ఈ జిల్లాలో?"

ఆమె నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. వామి అప్పటికే అద్దం మీది అంచు దాకా లేచింది. అవతల ముక్కులానించి నిలబడే మగవాళ్లు ఇప్పుడు గడ్డిని చూసుకోవాలి. ఆమె తలుపు దగ్గరకు పోయి బయటికి కేకేసింది.

"రండి మే! అద్దం లేదు!"

అలా మా ఆట మారింది. దక్షిణం వాకిలిగుండా గడ్డి బయటికి పోయేది, ఈశాన్యం వాకిలిగుండా ఆడవాళ్లు లోపలికి వచ్చేవారు. కీడు పోగొట్టడానికి మేస్త్రి పెట్టిన తలుపు అలా పనికొచ్చింది. గది సగమే, వెనకగోడ గడ్డి. గడ్డికి తగిలిన బంతి తిరిగిరాదు, లోపలికి దూరిపోతుంది, వదిలినవాళ్లు ఓడినట్టు. అందుకని ఆ ఆడవాళ్లు బంతిని వెనక్కి పోనివ్వకుండా ముందుకు దూకి కొట్టడం నేర్చారు. ఆళ్వారు దొర చూసి ఉంటే ఇది రాకెట్‌బాల్ కాదనేవాడు. నాకు మాత్రం పేరుతో పట్టింపు లేదు, మా ఆటకు పేరు కుదరడానికే ఇరవై ఏళ్లు పట్టింది. గడ్డి మళ్లీ తడవలేదు. కోదండం ఉద్యోగం నిలిచింది. వామి పల్చబడితే సగాన్ని దాటకుండా తనే మళ్లీ లేపేవాడు, ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఏళ్లు గడిచాయి. సీసాలకు అట్టపెట్టెలొచ్చాయి. ఒక సాయంత్రం, కోదండం పని విరమించే ముందు వారంలో, ఆఖరి గడ్డి తీయించాడు. ఎన్నడూ కదపని అడుగు కట్టలు లాగుతుంటే లోపల్నుంచి బంతులు రాలాయి. ఒకటి, నాలుగు, తర్వాత లెక్కపెట్టడం మానేశారు. ఇన్నేళ్లుగా వామి మింగిన నీలం బంతులన్నీ ఎర్ర గచ్చు మీద దొర్లుకుంటూ వచ్చి చెంగమ్మ పాదాల దగ్గర ఆగాయి. ఆమె చెవుల దగ్గర జుట్టు నెరుస్తోంది అప్పటికి. గదిలో పడుచు పిల్లలు ఆరేడుగురున్నారు.

కట్టలు పోయాక అద్దం బయటపడింది. దుమ్ము తుడిచారు. షిఫ్టు దిగి పోతున్న మగవాళ్లు ఆగారు. ముక్కులు ఆనాయి. గదిలో పిల్లలు కొంగులు సర్దుకున్నారు.

కోదండం తల గోక్కున్నాడు. "గడ్డి అయిపోయిందిగా మే. పరదా కట్టించి పోమంటావా?"

చెంగమ్మ ఆ ముక్కుల్ని చూసింది. తర్వాత కొలిమి అద్దాలు కళ్లకు దించుకుంది. నా తాడు మణికట్టుకు రెండు చుట్లు వేసింది.

"ఎందుకన్నా? చూడనీ" అని, గీతల మధ్యకు పోయి, బంతిని ఒకసారి ఎగరేసి, సర్వీసు కొట్టింది. ఇన్నాళ్ల తర్వాత బంతి గది నిండా నలభై అడుగులు పరుగెత్తింది. దాని వెనక వాళ్లందరూ.

నా చట్రం విరిగింది చాలా తర్వాత, ఒక పడుచుపిల్ల చేతిలో, గోడ మూలలో. అల్యూమినియానికి అంతకంటే మంచి చావు లేదు. నన్ను సత్తు సామాన్లలో కలిపారని నాకు బెంగ లేదు. గాజు ఫ్యాక్టరీలో బతికినదాన్ని, పగిలిన సీసా మళ్లీ కొలిమికి పోయి సీసాగా రావడం రోజూ చూశాను. రేపో మాపో నేనూ కరిగి ఏ గరిటెగానో తేలతాను. వంటింట్లో చేతులకూ మణికట్లుంటాయి.

ఇక్కడికి వచ్చినవాళ్లు నన్ను చూసి మీట కోసం పిడి తడుముతారని చెప్పాను కదా. చివర్లో వాళ్ల వేలికి ఒక చిన్న రంధ్రం తగులుతుంది. అది మీట చోటు కాదు. అక్కడ నా తాడుండేది. విరిగిన రోజున చెంగమ్మ దాన్ని జాగ్రత్తగా విప్పి, దుమ్ము దులిపి, ఏడుస్తున్న ఆ పిల్ల కొత్త రాకెట్టుకు కట్టింది.